రామ, హైడ్రోజన్, రామ, హీలియం

మా బావకు దేవుడు లేడు. మా అక్కకు దేవుడు తప్ప వేరే పని లేదు. వీళ్ళిద్దరికీ పెళ్ళి చేసిన పెద్దలు జాతకాలు చూశారు, గోత్రాలు చూశారు, పొలం గట్లు కూడా తిరిగి చూశారుగానీ, ఈ ఒక్క సంగతి అడగడం మాత్రం మరిచిపోయారు.

కొత్తగూడెంలో బొగ్గుబాయి కాలనీని ఆనుకుని ఉంది వాళ్ళ ఇల్లు. వంటిల్లు, వరండా కాక రెండే గదులు. తూర్పు గదిలో ముక్కోటి దేవతలు, ఒక్కరు కూడా తక్కువ కాకుండా, పటాలు కట్టించుకుని కాపురం ఉన్నారు. పడమటి గదిలో గోడ నిండా మూలకాల పట్టిక, ఒక దూరదర్శిని, ఒక ప్లాస్టిక్ పుర్రె. ఆ పుర్రెకు అక్క ప్రతి శుక్రవారం బొట్టు పెట్టేది. బావ ప్రతి శనివారం తుడిచేవాడు. పుర్రె మాత్రం ఇద్దరినీ చూసి ఒకే తీరుగా పళ్ళికిలించేది.

నేను బాయి మీద టైం ఆఫీసులో గుమాస్తాను. డ్యూటీ దిగి ఇంటికి పోయే దారిలో వాళ్ళ ఇల్లు తగులుతుంది. తగలకపోయినా నేనే పోయి తగిలేవాణ్ణి. అంత వినోదం ఊళ్ళో ఏ టాకీసులోనూ దొరకదు, పైగా ఇక్కడ టీ కూడా ఇస్తారు.

బావ హైస్కూల్లో సైన్సు సారుగా రిటైరయ్యాడు. కాలనీలో సగం మంది ఆయన చేతి బెత్తం రుచి చూసినవాళ్ళే కాబట్టి అందరికీ ఆయన 'సారే'. చివరికి అక్కకు కూడా. ఉద్యోగం దిగాక పాత బైకుకు ఒక పెట్టె కట్టుకుని అడవి అంచు ఊళ్ళకు పోయేవాడు. నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం లాంటివి చేసి చూపించి, "ఇండ్ల మహిమ లేదు, మందు ఉన్నది" అని అంతా విప్పి చెప్పేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. పాల్వంచ అవతల ఒక ఊళ్ళో ఆయన చెప్పిందంతా ఒక ముసలమ్మ చెవి ఒగ్గి విన్నది. విని, లేచి వచ్చి, ఆయన కాళ్ళకు మొక్కింది.

"మహిమ లేదని ఇప్పుడే చెప్పిన గదమ్మా!"

"అవ్ సారూ, ఇన్న. గంత మహిమ దగ్గర పెట్టుకొని లేదంటున్నవు చూడు, గదే నీ పెద్దతనం. మా బర్రె పాలిస్తలేదు. జర వచ్చి ఊదిపో."

నేను పెట్టె సర్ది బైకుకు కట్టే పనిలో పడ్డాను. ఆయన పోయి బర్రె మీద ఊదాడా లేదా అనేది నేను చూడలేదు. అడిగితే ఇప్పటికీ వాతావరణం గురించి మాట్లాడతాడు.

పోయిన ఏడాది వానాకాలంలో బావ గుండెలో ఒక రక్తనాళం పూడుకుపోయింది. ఆదరాబాదరాగా ఖమ్మం తీసుకుపోయాం. స్ట్రెచర్ మీద లోపలికి పోతూ కూడా మనిషి ఊరుకుంటేనా! "డాక్టరుగారూ, ఆ స్టెంటు ఏ లోహంతోని చేస్తరు? కోబాల్టా?" అని ఆరా తీస్తున్నాడు. తలుపు ఇవతల అక్క కొంగు చాచి గోడకు మొక్కుతున్నది. ఆ గోడ మీద ఉన్నది 'నిశ్శబ్దం పాటించండి' అనే బోర్డు. అయినా ఆమెకు అందులో భద్రాద్రి రాముడే కనపడ్డాడు.

"తండ్రీ, ఈయన లేచి ఇంటికొస్తే నీ పెండ్లికి గోటితోని ఒలిచిన తలంబ్రాలు ఇస్త" అని బోర్డులో ఉన్న మాట లెక్కచేయకుండా గట్టిగానే మొక్కింది.

బావ లేచాడు, ఇంటికీ వచ్చాడు. ఎవరు లేపారన్న దగ్గర పేచీ మొదలైంది.

"డాక్టరు లేపిండు" అన్నాడు బావ.

"డాక్టరును పొద్దున్నే ఎవరు లేపిండ్రు?" అన్నది అక్క.

"అలారం."

గోటి తలంబ్రాలంటే ఏమిటో తెలియనివారికి చెప్తాను. భద్రాచలంలో శ్రీరామనవమి నాడు సీతారాముల తల మీద పోసే బియ్యంలో మిల్లు మొహం చూడనివి, రోకలి దెబ్బ తిననివి కొన్ని ఉంటాయి. భక్తులు ఇళ్ళల్లో కూర్చుని వడ్లను ఒక్కొక్క గింజా గోటితో ఒలిచి పంపిస్తారు. పన్ను తగలకూడదు. గింజ విరగకూడదు, విరిగితే పక్కన పడేయాల్సిందే. ఒలిచినంతసేపూ నోట రామనామం ఆడుతుండాలి. దీనికి ఎంత కాలం పడుతుందంటే, మా కాలనీలో ఒకామె కడుపుతో ఉన్నప్పుడు ఒలవడం మొదలుపెట్టిందట, ముగించేనాటికి ఆ పుట్టిన పిల్లకు సంబంధాలు వస్తున్నాయట. నేను కళ్ళతో చూడలేదు. విన్నదాంట్లో సగం తగ్గించి చెప్తున్నాను.

మా కాలనీలో ఈ వ్యవహారమంతా భజన మండలి పెద్దమ్మ చేతిలో ఉంటుంది. ఆమె మా ఎవరికీ పెద్దమ్మ కాదు, కాబట్టి అందరికీ పెద్దమ్మే. వడ్లు పంచేది ఆమె, ఒలిచిన బియ్యం తీసుకునేది ఆమె, అందులో విరిగిన గింజ కనపడితే ఇచ్చినవాళ్ళను కంటిచూపుతో కాల్చేది కూడా ఆమే. మాఘమాసంలో అక్కకు ఒక మానికెడు వడ్లు కొలిచి కొంగులో పోసింది. అక్క ఆ కొంగును చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఇంటికి తెచ్చింది.

తెచ్చి, మొదలుపెట్టే ముందు దేవుడి గది శుభ్రంగా ఉండాలని బూజు దులపడానికి స్టూలెక్కింది. స్టూలు కుంటిది. అక్క కిందపడింది, కుడి మణికట్టు విరిగింది. కాలనీ దవాఖానాలో మోచేతిదాకా పట్టీ వేసి, బియ్యం అప్పజెప్పే గడువు దాటేదాకా విప్పేది లేదని తేల్చేశారు.

"దేవుని పటం తుడుస్తూ పడ్డది. ఇంకేం రుజువు గావాలె బామ్మర్ది?" అన్నాడు బావ నాతో.

"గంత ఎత్తు మీదికెళ్ళి పడితే నడుము ఇరగాలె. చెయ్యితోని పోయింది. ఇంకేం రుజువు గావాలె తమ్మీ?" అన్నది అక్క, అదీ నాతోనే.

స్టూలు ఒక్కటే, సాక్ష్యం మాత్రం ఇద్దరి తరఫునా చెప్పింది.

బావ ముందు అట్లా గట్టిగా మాట్లాడినా, అక్క నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "మొక్కి తీర్చకపోతే ఎట్లరా? నాకు చెయ్యి పోతే పోయింది, మళ్ళ అతుక్కుంటది. ఆయన గుండె ఇచ్చినోడు వాపసు అడిగితే?" అన్నది. నేను నవ్వించబోయాను. నవ్వలేదు. పప్పు గిన్నెలో ఎడమచేత్తో గరిటె తిప్పుతూ, తిప్పాల్సినదానికంటే ఎక్కువసేపు తిప్పింది. ఆమెను అంత బెదురుగా నేను ఆ ఆస్పత్రి గోడ దగ్గర కూడా చూడలేదు.

నేరుగా పెద్దమ్మ దగ్గరికి పోయాను. "ఇంట్లో వేరేవాళ్ళు ఒలవొచ్చా పెద్దమ్మా?"

"కట్టుకున్నోడు, కన్నపిల్లలు ఒలవచ్చు."

"తమ్ముడు?"

"పెండ్లయినంక తమ్ముడేంది, చుట్టం. చుట్టం వచ్చి తినిపోవాలె, అంతే."

పిల్లలిద్దరూ బెంగుళూరులో గోళ్ళు కత్తిరించుకుని కంప్యూటర్లు నొక్కే ఉద్యోగాల్లో ఉన్నారు. చుట్టాన్నే అయినా నేను ఒక గింజ పట్టి చూశాను. పొట్టు రాలేదుగానీ గోరు వచ్చింది. ఇక లోకం మొత్తం మీద మిగిలినవాడు ఒక్కడే, ఆయన పడమటి గదిలో కూర్చుని పుర్రెకు బొట్టు తుడుస్తున్నాడు.

బావ రోజూ పొద్దున తన బీపీ చూసుకుని, అదే చేత్తో అక్కకూ చూస్తాడు. స్టూలు మీదినుంచి పడ్డ దగ్గర్నుంచి అక్క బీపీ మెట్లెక్కుతూ పోతున్నది. మందు మార్చినా దిగలేదు. ఒకనాడు నేను వెళ్ళేసరికి బావ మిషను ముందు పెట్టుకుని, లెక్క కుదరని పిల్లవాడిలా కూర్చున్నాడు.

"బామ్మర్దీ, మందు పనిచేస్తలేదు. ఎందుకంటే రోగం నరాలల్ల లేదు, ఆ వడ్లల్ల ఉన్నది. కారణం తీసేస్తే బీపీ దిగాలె. నేను ఒలుస్త. ఇది వైద్యం, పూజ కాదు. నలుగురికీ గట్లనే చెప్పు."

లోపలినుంచి అక్క వచ్చింది. "సారూ, నమ్మకుండ ఒలిస్తే మొక్కు ఎట్లయితది?"

"నేను నమ్మకున్నా నువ్వు పెట్టే ప్రసాదం నాకు అరుగుతలేదా? గింజ కూడ గంతే. ఎవలు ఒలిచినా పొట్టు పోతది."

అక్క ఎడమచేత్తో వడ్ల గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఇక చూడాలి మా బావ తపస్సు! ముందు వడ్లను పేపరు మీద పరిచి, ఏ ఎండ ఎంతసేపు తగిలితే పొట్టు వదులవుతుందో పరీక్షలు పెట్టాడు. భూతద్దం కింద గింజను పెట్టి నాకూ చూపించాడు. "చూసినవా, పొట్టు రెండు డిప్పలు. పెద్ద డిప్ప అంచు చిన్న డిప్పను కొక్కెం లెక్క పట్టుకొని ఉంటది. ఆ కొక్కెం ఇప్పితే చాలు, గింజ దానంతటదే బయటికొస్తది."

"మొగుడు పెండ్లాం లెక్క పట్టుకున్నయి" అన్నది అక్క తొంగిచూసి. "ఇండ్ల పెద్ద డిప్ప ఎవరు సారూ?"

బావ భూతద్దం మళ్ళీ గింజ మీదికి తిప్పుకున్నాడు.

కుడి బొటనవేలి గోరు పెంచాడు. పెంచి, గరుకు కాగితంతో రోజూ నూరాడు. ఆ గోటిని చూసి వాళ్ళ గోడ మీద తిరిగే పిల్లి దారి మార్చుకుంది. దాంతో తాళాలు కూడా తీయవచ్చని నా అనుమానం. మొదటి రోజు ఒలిచిన గింజలు ఒక చెంచాలో అడుగున కూడా కనపడలేదు. బావ నిరాశపడలేదు. సైన్సంతా ఇట్లాగే మొదలైందన్నాడు.

అసలు చిక్కు నామం దగ్గర వచ్చింది. బావ రామ అనడు. అననంటే అననన్నాడు. ఇంట్లో ఒక గంటసేపు యుద్ధం జరిగాక, సంధి కుదిరింది: గోరు ఆయనది, నామం అక్కది. ఇద్దరూ వరండాలో ఎదురెదురుగా కూర్చునేవారు. అక్క "రామ" అంటే బావ ఒక గింజ ఒలవాలి. కానీ భక్తి పరుగు మీద ఉంటుంది, గోరు నడక మీద ఉంటుంది. అక్క నామం ఊరి పొలిమేర దాటిపోతే బావ ఇంకా మొదటి గింజ కొక్కెం దగ్గరే ఉండేవాడు.

"జర ఆగు. నేను గింజ పక్కకు పెట్టినంక నువ్వను."

"పెట్టినట్టు నాకెట్ల తెలవాలె? నా కండ్లు మూసుకొని ఉంటయి గదా."

"నేను కూడ ఏదో ఒకటి అంట."

ఏదో ఒకటి అంటే ఆయనకు వచ్చిన నామావళి ఇంకేముంది? గోడ మీద పట్టికే. మరుసటి రోజు డ్యూటీ దిగి వాళ్ళ గేటు తీసేసరికి నాకు వినపడింది ఇది:

"రామ."

"హైడ్రోజన్."

"రామ."

"హీలియం."

"రామ."

"లిథియం."

గేటు పట్టుకుని నేను అక్కడే నిలబడిపోయాను. నవ్వితే ఎక్కడ గింజ విరుగుతుందోనని నోట్లో రుమాలు కుక్కుకున్నాను. వేదం చదివేవాళ్ళకు కూడా అంత శ్రుతి కుదరదు. పట్టిక చివరికొచ్చేసరికి బావ వేగం పెంచేవాడు. ఎందుకని అడిగితే, "ఆ ఆఖరి మూలకాలు కన్నుమూసి తెరిచేలోపల మాయమైతయి బామ్మర్దీ, పేరన్న జల్దీ చెప్పాలె గద" అన్నాడు. అయిపోగానే మళ్ళీ హైడ్రోజన్ దగ్గరికి. స్టీలు పళ్ళెంలో తెల్లటి గింజలు ఒక పిడికెడు అయ్యాయి, రెండు పిడికిళ్ళయ్యాయి. అక్క బీపీ మెట్లు దిగడం మొదలుపెట్టింది. పెళ్ళయి ఇన్నేళ్ళలో వీళ్ళిద్దరూ పొట్లాడుకోకుండా ఎదురెదురుగా అంతసేపు కూర్చోవడం నేను చూడటం అదే. మధ్యలో బావ చెయ్యి గుంజితే అక్క ఎడమచేత్తో ఆయన వేళ్ళు ఒత్తేది, నామం మాత్రం ఆపేది కాదు.

అంతా సాఫీగా పోతుండగా శనివారం భజన వచ్చింది.

కాలనీ రామాలయంలో ఆడవాళ్ళంతా చేరారు. నేను ప్రసాదం కోసం గడప దగ్గర కూర్చున్నాను. అక్క పట్టీ వేసిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. పెద్దమ్మ "రామ" అన్నది, అందరూ "రామ" అని ఆగారు. ఆ ఆగిన సందులో, గంట కొట్టినట్టు, అక్క గొంతు ఒక్కటే పలికింది.

"సోడియం."

హార్మోనియం నిలిచిపోయింది. అక్క తన లోకంలో తానుంది. మళ్ళీ "రామ" అన్నది, అని, "మెగ్నీషియం" అన్నది. అదే ఘోరం అనుకుంటే, పక్కన కూర్చున్నామె తొమ్మిదో తరగతిలో బావ దగ్గర చదువుకున్న మనిషి. బెత్తానికి భయపడి నేర్చుకున్నది ఎక్కడికి పోతుంది? ఆమె నోట దానంతటదే "అల్యూమినియం" అని వచ్చేసింది.

ప్రసాదం లేకుండానే భజన ముగిసింది. పెద్దమ్మ లేచి అక్క ముందు నిలబడింది. "రేపు పొద్దుగాల ఆ బియ్యం పట్టుకొని, మీ సారును తోలుకొని మా ఇంటికి రా."

 ఇంటికి పోయాక అక్క "తీసుకోదురా, వాపసిస్తది" అని ఒక్క మాటే అన్నది. మిగిలిన కొద్ది రోజుల గడువులో మళ్ళీ మానికెడూ ఒలవడం కాని పని.

పొద్దున్నే పెద్దమ్మ వరండాలో కోర్టు పెట్టారు. జడ్జి పెద్దమ్మ. చుట్టూ మండలి ఆడవాళ్ళంతా జూరీ. మూలన కుర్చీలో పెద్దమ్మ భర్త నుదుటి నిండా నామం దిద్దుకుని పేపరు చదువుతున్నాడు. ఆ నామం ఎంత పొడుగంటే, కొంత నెత్తి మీద రాసుకోవాల్సి వచ్చింది. నేను గిన్నె మోసుకుని ముందు నడిచాను. బావ ఉతికిన చొక్కా వేసుకుని, పరీక్ష పేపర్లు ఇవ్వడానికి వచ్చినట్టు వచ్చాడు.

పెద్దమ్మ తెల్లబట్ట పరిచి బియ్యం కుమ్మరించింది. కళ్ళజోడు తుడుచుకుని, వేలితో ఒక్కొక్క వరుసా జరుపుతూ చూసింది. ముక్క లేదు. నూక లేదు. గింజ గింజకూ ముక్కు చెదరలేదు. మళ్ళీ మొదటినుంచి చూసింది.

"గిట్ల ఒలిచినోళ్ళను నేను ఇంతవరకు చూడలే" అన్నది. అక్క మొహం కొంచెం తేటపడింది. "సారూ, ఇప్పుడు నిజం చెప్పాలె. నామం అనుకుంటనే ఒలిచిండ్రా?"

నేను బావ చెవిలో, "ఒక్కసారి తలూపు బావా, నోటితో కూడా అనొద్దు, మెడ కదిలిస్తే చాలు" అన్నాను. ఆ మెడ కరెంటు స్తంభంలా నిలబడింది.

"నామం మా ఆమె అన్నది. నేను మూలకాలు అన్న."

"రాముడున్నడని నమ్ముతరా?"

"లేదమ్మా. నాకు ఇంతవరకు రుజువు దొరకలే."

 అక్క తన పట్టీ కట్టు దారం లాగుతూ కూర్చుంది.

"మరి ఎవరి కోసం ఒలిచిండ్రు?"

"ఈమె కోసం. మొక్కు తీరకపోతే నాకేమన్న అయితదని ఈమెకు భయం. దేవుని సంగతి నాకు తెల్వదు. ఈమె భయం మాత్రం ఉన్నది. రోజూ పొద్దున మిషను పెట్టి కొలిచిన."

పెద్దమ్మ మెల్లగా మెడ తిప్పి మూలనున్న కుర్చీ వైపు చూసింది.

"ఏమయ్యా, నువ్వు రాముణ్ణి నమ్ముతవు గదా?"

పేపరు వెనకనుంచి ఉలికిపాటు వినపడింది. "అవ్, నమ్ముత. నమ్మకపోవుడేంది?"

"నేను ఇన్నేండ్ల సంది ఒలుస్తున్న. ఎన్నడన్న నా పక్కన కూసొని ఒక్క గింజ ఒలిచినవా?"

"నాకెక్కడ తీరుతది?"

"నాకు చెయ్యి ఇరిగితే ఒలుస్తవా?"

ఆయన పాపం నిజాయితీగా ఆలోచించాడు. "ముందుగాల ఇరగనియ్యి, అప్పుడు చూద్దాం."

జూరీ మొత్తం కొంగులు నోట్లో పెట్టుకుంది. నవ్వు ఆపలేక ఒకామె గోడకు జారగిలబడిపోయింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. బట్ట నాలుగు మూలలూ పట్టి ఎత్తి, మా అక్క బియ్యాన్ని మండలి గంగాళంలోకి కుమ్మరించింది.

"ఇవి పెండ్లి బియ్యం. పెండ్లాం కోసం ఒలిచినోని బియ్యం నేను వాపసు పంపితే, సీతమ్మ నన్ను ఊకుంటదా?" అన్నది. గంగాళం మీద మూత పెట్టి, "మల్ల మా మండలి భజనల మాత్రం సోడియాలు తేవొద్దమ్మా" అని అక్కకు ఒక చురక వేసింది.

అక్క ఏడ్చింది, నవ్వింది, రెండూ ఒకే కొంగుతో తుడుచుకుంది. ఆ రోజునుంచి కాలనీలో మగవాళ్ళకు బతుకు లేకుండా పోయింది. ఏ వరండాలో చూసినా లుంగీ కట్టుకుని, నాలుక బయటపెట్టి, ఒక్కో గింజతో కుస్తీ పడుతున్న భక్తుడే. నా భార్య నా ముందు కూడా ఒక చేటెడు పోసింది. గోటికి నూరుడు ఎట్లా పెట్టాలో నేర్పించమని బావ ఇంటి ముందు జనం కట్టారు. దేవుడు లేడన్న మనిషి దగ్గర మా కాలనీ అంత వరుసలో నిలబడటం అదే మొదలు.

నవమికి ముగ్గురం భద్రాచలం పోయాం. "చూడనీకి వస్తున్న, మొక్కనీకి కాదు" అని బావ బస్సెక్కేముందే మాకు, కండక్టరుకు కూడా చెప్పాడు. గోదావరి వంతెన మీద జనమే గోదావరిలా పారుతున్నారు. ఎండ ఎట్లా ఉందంటే, మా నెత్తుల మీద అప్పడాలు వేగేవి. దూరంగా తలంబ్రాలు పడ్డాయి, లక్ష గొంతులు ఒక్కసారి లేచాయి. బావ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉక్కగా ఉందన్నాడు.

సాయంత్రానికి ఎట్లాగో ఒక తలంబ్రాల పొట్లం మా చేతికి వచ్చింది. కట్టు కొత్తగా విప్పిన చేత్తో అక్క దాన్ని విప్పింది. కుంకుమ, గులాలు కలిపిన ఎర్రెర్రటి బియ్యం.

"సారూ, ఇండ్ల మీరు ఒలిచిన గింజ ఉన్నదా?"

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. "గన్ని క్వింటాళ్ళు కలిపిండ్రు. మనది మానికెడు వడ్లకు వచ్చిన బియ్యం. ఈ పొట్లంల పడాలంటే..." అని వేళ్ళ మీద లెక్కలు మొదలుపెట్టాడు. వెనక జనం నెడుతున్నారు, ఎవరిదో బిడ్డ ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తున్నది, ఆయన లెక్క మాత్రం ఆగలేదు. "మస్తు తక్కువ" అని తేల్చాడు.

"తక్కువ అంటే? లేనే లేదా?"

ఉంది అంటే ఆమె మురిసిపోతుంది, లేదు అంటే ఆయన గెలుస్తాడు. బావ ఆ ఎర్ర బియ్యాన్ని వేలితో ఒకసారి కలియబెట్టాడు.

"లేదని చెప్పలేను" అన్నాడు.

అక్కకు అది చాలు. పొట్లంలోంచి ఒక చిటికెడు తీసి ఆయన తల మీద వేసింది. ఆయన దులుపుకోలేదు.

వచ్చేటప్పుడు బస్సులో అక్క కిటికీకి ఆనుకుని హాయిగా నిద్రపోయింది. బావ మాత్రం ఎర్ర గింజలు నెత్తిన పెట్టుకునే, పాల్వంచ దాకా నా చెవి కొరుకుతూ వచ్చాడు. "నేను గింజ గురించే అన్న బామ్మర్దీ. గింజ గురించే. ఎక్కడన్న రాస్తే గట్లనే రాయాలె."

గట్లనే రాశాను.